డిస్క్ నిండి లినక్స్ డెస్క్‌టాప్ తెరుచుకోకపోతే ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

పాస్‌వర్డ్ కొడతారు. తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, మళ్లీ అదే లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. పాస్‌వర్డ్ తప్పన్న మాట ఎక్కడా కనబడదు. ఎన్నిసార్లు కొట్టినా ఇదే తంతు. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వాడేవాళ్లు ఇలాంటప్పుడు ముందుగా గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అనుమానిస్తారు. నిజానికి ముందు చూడాల్సింది డిస్క్‌లో చోటుందా లేదా అని. విండోస్ పక్కన 20 జీబీయో 30 జీబీయో కేటాయించి లినక్స్ వేసుకున్న ల్యాప్‌టాప్‌లలో అయితే తప్పకుండా చూడాలి.

ఓపిక నశించి సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. డిస్క్ నిండినంత మాత్రాన మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. కొత్తగా రాయడానికి చోటు లేదు, అంతే.

లాగిన్ పేజీ దాకా వచ్చి అక్కడే ఎందుకు ఆగిపోతుందో తెలిస్తే మిగతాదంతా సులువు. డెస్క్‌టాప్ మొదలయ్యేటప్పుడు మీ పేరు మీద కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి: హోమ్ ఫోల్డర్లో అనుమతుల ఫైలు, సెట్టింగుల ఫైలు, తాత్కాలిక ఫోల్డర్లో మరికొన్ని. వాటికి చోటు లేకపోతే సెషన్ పుట్టగానే కూలిపోతుంది, లాగిన్ పేజీ తిరిగొస్తుంది. మరి అంతవరకు ఎలా రాగలిగింది? ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని (లినక్స్ డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) తయారుచేసేటప్పుడే 5 శాతం చోటు రూట్ యూజర్ (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న ఖాతా) కోసం విడిగా అట్టిపెడతారు. సిస్టమ్ సర్వీసులు చాలావరకు రూట్ పేరు మీదే నడుస్తాయి కాబట్టి వాటికి ఇబ్బంది ఉండదు. మామూలు యూజర్‌కి మాత్రం తలుపు మూసుకుపోతుంది. మనల్ని గట్టెక్కించేది కూడా ఆ 5 శాతమే. సుడోతో, అంటే రూట్ అధికారంతో పని చేయించే కమాండ్‌తో, చేసే పనులు డిస్క్ "నిండిన" తర్వాత కూడా నడుస్తాయి.

ముందు ఒక మాట. ఇందులో కమాండ్లను ఫోన్లో చదివి చెప్పినట్టు తెలుగు లిపిలో రాశాం. డీ, ఎఫ్ లాంటి అక్షరాల పేర్లు కనబడితే ఆ ఇంగ్లీషు అక్షరాలే కొట్టండి. క్లీన్, రిమూవ్ లాంటి మాట కనబడితే ఆ ఇంగ్లీషు మాట మొత్తం కొట్టండి. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే. ఖాళీలు, గీతలు, హైఫన్లు ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి. వార్ అంటే వీ, ఏ, ఆర్. సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ.

లోపలికి వెళ్లే దారులు

లాగిన్ పేజీ మీద ఉండగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వీటికి ఎఫ్ఎన్ మీట కూడా తోడు కావాలి. నల్లటి తెర మీద యూజర్ పేరు అడుగుతుంది, ఆ తర్వాత పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు, కంగారు పడకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. తిరిగి లాగిన్ పేజీకి రావాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1. మింట్‌లో అయితే ఎఫ్1 బదులు ఎఫ్7.

సిస్టమ్ భాషగా తెలుగు పెట్టుకున్నవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ నల్ల తెర తెలుగు అక్షరాలను చూపించలేదు. సందేశాలన్నీ చతురస్రాలుగా, ప్రశ్నార్థకాలుగా కనబడతాయి. లోపలికి రాగానే ఈ ఒక్క లైను కొట్టండి:

ఎక్స్‌పోర్ట్ ఎల్‌సీ_ఏఎల్ఎల్=సీ

ఇందులో ఎల్‌సీ, ఏఎల్ఎల్, చివరి సీ పెద్ద అక్షరాలు, మధ్యలో కింది గీత. ఆ తర్వాత సందేశాలు ఇంగ్లీషులో వస్తాయి.

ఈ తెర కూడా రాకపోతే కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, తయారీదారు లోగో కనబడగానే పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకోండి, యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ ఒకసారి నొక్కండి. ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, చివర రికవరీ మోడ్ అని ఉన్న వరుస ఎంచుకోండి. ఉబుంటులో వచ్చే మెనూలో రూట్ అన్నది తీసుకుంటే రూట్ షెల్, అంటే రూట్ పేరుతో కమాండ్లు కొట్టే తెర, తెరుచుకుంటుంది. డెబియన్‌లో రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ షెల్‌లో డిస్క్ తరచూ చదవడానికి మాత్రమే తెరిచి ఉంటుంది. ఏదైనా తీసేయబోతే రీడ్-ఓన్లీ అని అడ్డుపడుతుంది. ముందు ఇది కొట్టాలి:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /

అదీ కుదరకపోతే మిగిలింది లైవ్ యూఎస్‌బీ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాడిన పెన్‌డ్రైవ్ సరిపోతుంది. "ట్రై" అని ఎంచుకుని, ఫైల్స్ అప్లికేషన్‌లో మీ డిస్క్ మీద క్లిక్ చేస్తే అది మౌంట్ అవుతుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ అయితే అక్కడే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. అయితే లైవ్ యూఎస్‌బీలో ఏపీటీ (ప్యాకేజీలు చూసుకునేది), జర్నల్ (సిస్టమ్ లాగులు చూసుకునేది) కమాండ్లు మామూలుగా కొడితే అవి పెన్‌డ్రైవ్‌ సిస్టమ్ మీద పనిచేస్తాయి, మీ డిస్క్ మీద కాదు. అక్కడ చేయగలిగింది ఫైళ్లను చూసి తీసేయడం, వేరే డిస్క్‌కి తరలించడం. చోటు దొరకగానే అసలు సిస్టమ్‌లోకి వచ్చి మిగతా పని చేసుకోండి.

ఏది నిండిందో చూడడం

డీఎఫ్ -హెచ్ -ఎక్స్ స్క్వాష్ఎఫ్ఎస్ -ఎక్స్ టీఎంపీఎఫ్ఎస్

డీఎఫ్ -హెచ్ ఒక్కటే కొట్టినా చాలు. కానీ ఉబుంటులో స్నాప్ ప్యాకేజీలు లూప్ అనే పేరుతో పది పదిహేను వరుసలుగా వచ్చి, ప్రతిదీ 100% నిండినట్టు కనబడుతుంది. అది చూసి బెదిరిపోయేవాళ్లున్నారు. స్నాప్ ఫైళ్లు రాయడానికి వీల్లేని గట్టి మూటలు, అవి ఎప్పుడూ 100 శాతమే చూపిస్తాయి. పై కమాండ్‌లో -ఎక్స్ పెట్టింది వాటిని పక్కకు నెట్టడానికే.

ఇప్పుడు చివరి నిలువు వరుసలో ఒంటరి / గుర్తు ఉన్న లైను చూడండి, సిస్టమ్ ఉన్న రూట్ పార్టిషన్ అదే. ఇలా ఉందనుకుందాం: సైజ్ 46జీ, యూజ్డ్ 44జీ, అవైల్ 0, యూజ్ 100%. 46లోంచి 44 పోతే 2 ఉండాలి కదా, సున్నా ఏమిటి? ఆ 2 జీబీ రూట్ కోసం అట్టిపెట్టిన చోటే. అవైల్ సున్నా అయిందంటే మీ యూజర్‌కి చోటు అయిపోయినట్టే. హోమ్, బూట్ వేరే పార్టిషన్లుగా ఉంటే వాటి లైన్లు కూడా చూడండి. బూట్ మాత్రమే నిండితే వైద్యం వేరు, అది తర్వాత చెబుతాం.

అవైల్‌లో చోటు కనబడుతూనే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటుంటే డీఎఫ్ -ఐ కొట్టండి. అక్కడ 100% ఉంటే నిండింది చోటు కాదు, ఐనోడ్లు, అంటే ప్రతి ఫైలుకీ ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదు గళ్లు. చోటూ ఐనోడ్లూ రెండూ ఉండి, సందేశం "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని వస్తుంటే మాత్రం ఈ వ్యాసం మీకు పనికిరాదు. ఫైల్ సిస్టమ్‌లో తప్పు దొర్లితే లినక్స్ దాన్ని తనంతట తాను చదవడానికి మాత్రమే పరిమితం చేస్తుంది. అప్పుడు ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌కి కాపీ చేసుకుని, లైవ్ యూఎస్‌బీ నుంచి ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడపాలి.

ముందు కాస్త ఊపిరి

పెద్ద ఫైళ్లను వెతకడం మొదలుపెట్టకముందే కొన్ని వందల ఎంబీ ఖాళీ చేసుకోవాలి. పూర్తిగా నిండిన డిస్క్ మీద మామూలు పనులు కూడా మొండికేస్తాయి. ఉదాహరణకు ఫైలు పేరు పూర్తి చేయడానికి ట్యాబ్ నొక్కితే ఈ సందేశం పడుతుంది: "బ్యాష్: కెనాట్ క్రియేట్ టెంప్ ఫైల్ ఫర్ హియర్-డాక్యుమెంట్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". మీరు కొట్టిన కమాండ్‌లో తప్పేమీ లేదు. ట్యాబ్ నొక్కినప్పుడు బ్యాష్ (మీ కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) ఒక చిన్న తాత్కాలిక ఫైలు రాయబోయింది, దానికి కూడా చోటు దొరకలేదు. అంతవరకు పేర్లు పూర్తిగా చేత్తో కొట్టుకోవాలి.

సుడో ఏపీటీ క్లీన్

ఇన్‌స్టాల్ అయిపోయిన ప్యాకేజీల డెబ్ ఫైళ్లు /వార్/క్యాష్/ఏపీటీ/ఆర్కైవ్స్ లో పడి ఉంటాయి. ఈ కమాండ్ వాటిని తుడిచేస్తుంది. కావాలంటే మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి కాబట్టి నష్టం లేదు. ఇదే ఎందుకు మొదట అంటే, ఇది తీసేయడమే తప్ప రాసేది దాదాపు ఉండదు. ఏపీటీ ఆటోరిమూవ్ అలా కాదు. ప్యాకేజీల చిట్టా తిరగరాస్తుంది, పాత కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) తీసేటప్పుడు గ్రబ్ మెనూ మళ్లీ తయారుచేస్తుంది. చోటు లేనప్పుడు దాన్ని నడిపితే సగంలో ఆగిపోయి ఇంకో తలనొప్పి తెచ్చిపెడుతుంది.

సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=100ఎం

వాక్యూమ్ స్పెల్లింగులో యూ రెండుసార్లు వస్తుంది, చివరి ఎం పెద్ద అక్షరం. సిస్టమ్‌డీ జర్నల్, అంటే సిస్టమ్ తన పనులు రాసుకునే చిట్టా, మామూలుగా ఆ ఫైల్ సిస్టమ్‌లో 10 శాతం దాకా పెరుగుతుంది, గరిష్ఠంగా 4 జీబీ. ఈ కమాండ్ పాత భాగాలు కోసేసి 100 ఎంబీ దగ్గరకు తెస్తుంది.

మూడోది చెత్తబుట్ట. ఫైల్స్ అప్లికేషన్‌లో డిలీట్ కొట్టినవి నిజంగా పోవు, హోమ్‌లో .లోకల్/షేర్/ట్రాష్ లోకి చేరతాయి. ట్రాష్ మొదటి అక్షరం పెద్దది. ఇన్నాళ్లూ సినిమాలు డిలీట్ చేస్తున్నా చోటు పెరగకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఆర్ఎం -ఆర్ఎఫ్ ~/.లోకల్/షేర్/ట్రాష్/*

ఈ లైను కొట్టేటప్పుడు తొందర వద్దు. ఆర్ఎం తీసేసినవి తిరిగి రావు. మధ్యలో ఎక్కడైనా అదనంగా ఒక ఖాళీ పడితే అది వేరే ఫోల్డర్ పేరుగా చదువుకుని దాన్ని కూడా తుడిచేస్తుంది. ఎంటర్ నొక్కే ముందు ఎడమ నుంచి కుడికి ఒకసారి వేలు పెట్టి చదవండి.

మళ్లీ డీఎఫ్ -హెచ్ చూడండి. అవైల్‌లో 500 ఎంబీ దాటి కనబడితే చాలు, డెస్క్‌టాప్ తెరుచుకోవచ్చు. తెరుచుకుంది కదా అని అక్కడితో వదిలేస్తే వారంలో మళ్లీ ఇదే తెర ముందు కూర్చుంటారు. ఎవరు తినేస్తున్నారో పట్టుకోవాలి.

బరువెక్కడుందో పట్టుకోవడం

సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 / | సార్ట్ -హెచ్

డీయూ ఫోల్డర్ల బరువు తూస్తుంది. ఎక్స్ ఎందుకంటే, విండోస్ పార్టిషనో పెన్‌డ్రైవో అతికించి ఉంటే వాటిలోకి వెళ్లకుండా ఈ ఒక్క ఫైల్ సిస్టమ్‌లోనే ఉండడానికి. సార్ట్ వల్ల అన్నిటికన్నా బరువైనది అడుగున వస్తుంది. /వార్ 19జీ అని కనబడితే చివరి / స్థానంలో /వార్ పెట్టి మళ్లీ కొట్టండి. అందులో /వార్/లాగ్ బరువుగా ఉంటే దాన్ని పెట్టి మళ్లీ. మూడు నాలుగు మెట్లు దిగేసరికి దొంగ దొరుకుతాడు. ఎక్కువగా దొరికేది ఈ చోట్లలోనే.

/వార్/లాగ్ లో సిస్‌లాగ్, కెర్న్.లాగ్ పదుల జీబీలకు పెరిగి ఉంటే, ఏదో ఒక ప్రోగ్రామో డ్రైవరో ఒకే తప్పును క్షణానికి వందలసార్లు రాస్తోందన్నమాట. తుడిచేముందు అదేమిటో చూడండి:

సుడో టెయిల్ -ఎన్ 20 /వార్/లాగ్/సిస్‌లాగ్

ఇరవై లైన్లూ ఒకే పాట పాడుతుంటే ఆ పేరు కాగితం మీద రాసుకోండి, అసలు రోగం అదే. ఇప్పుడు ఫైలుని ఖాళీ చేయండి:

సుడో ట్రంకేట్ -ఎస్ 0 /వార్/లాగ్/సిస్‌లాగ్

ఇక్కడ ఆర్ఎం వాడకూడదు. లాగ్ రాసే సర్వీసు ఆ ఫైలుని తెరిచి పట్టుకుని ఉంటుంది. పేరు పోయినా లోపలి బరువు పోదు, చోటు తిరిగిరాదు. ట్రంకేట్ అయితే ఫైలుని అక్కడే ఉంచి లోపలి సరుకును సున్నా చేస్తుంది. పక్కనే .1 తో ముగిసేవి, .జీజెడ్ తో ముగిసేవి పాత లాగులు. వాటిని ఆర్ఎంతో తీసేయొచ్చు.

/టైమ్‌షిఫ్ట్ ఫోల్డర్ మింట్ వాడేవాళ్ల దగ్గర తరచూ కనబడుతుంది. బ్యాకప్‌ని అదే డిస్క్ మీద పెట్టుకుంటే అదే డిస్క్‌ని నింపుతుంది. సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్ తో పేర్లు చూసి, సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్ --స్నాప్‌షాట్ తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య ఆ పేరు ఇచ్చి పాతవి ఒక్కొక్కటీ తీసేయండి. ఒకటి తీస్తే పెద్దగా చోటు రాకపోవచ్చు. మారని ఫైళ్లను స్నాప్‌షాట్లన్నీ ఉమ్మడిగా పంచుకుంటాయి, ఆఖరి వాటాదారు పోయినప్పుడే ఆ చోటు విడుదలవుతుంది.

స్నాప్ ప్యాకేజీలు పాత వెర్షన్‌ని కూడా దాచుకుంటాయి. స్నాప్ లిస్ట్ --ఏఎల్ఎల్ కొడితే పక్కన డిసేబుల్డ్ అని ఉన్నవి అవే. వాటి రివిజన్ సంఖ్య చూసి సుడో స్నాప్ రిమూవ్ ఫైర్‌ఫాక్స్ --రివిజన్=సంఖ్య అన్న పద్ధతిలో తీయండి. ఒక ప్యాకేజీని మొత్తంగా తీసేస్తుంటే మాత్రం చివర --పర్జ్ పెట్టడం మరవకండి. లేదంటే తీసేసే ముందు దాని డేటాకు ఒక నకలు దాస్తుంది. నిండిన డిస్క్ మీద ఆ నకలుకే చోటు లేక పని ఆగిపోవచ్చు.

డాకర్ వాడే విద్యార్థులు, ఉద్యోగులు /వార్/లిబ్/డాకర్ చూడాలి. ఆ ఫోల్డర్లోకి దిగి చేత్తో ఏదీ తీయకండి, డాకర్ లెక్క తప్పిపోతుంది. డాకర్ సిస్టమ్ డీఎఫ్ తో బరువు చూసి, డాకర్ సిస్టమ్ ప్రూన్ తో వాడకంలో లేనివి తీయండి. --వాల్యూమ్స్ అని జతచేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మీ డేటాబేస్ అందులోనే ఉండవచ్చు.

హోమ్‌లో అయితే .క్యాష్ ఫోల్డర్లో ఉన్నవి నిర్భయంగా తీసేయొచ్చు, ప్రోగ్రాములు మళ్లీ తయారుచేసుకుంటాయి. డౌన్‌లోడ్స్, వర్చువల్ మెషీన్ ఇమేజీలు మీ నిర్ణయం. తెలుగులో పేరున్న వీడియోనో పాటో తీయాలంటే నల్ల తెర మీద పేరు చదవలేరు, కొట్టలేరు. అలాంటప్పుడు ఆ ఫోల్డర్లోకి వెళ్లి ఎల్ఎస్ -ఎల్ఐహెచ్ కొడితే ప్రతి ఫైలు ముందూ ఒక సంఖ్య వస్తుంది, అదే ఐనోడ్ సంఖ్య. సైజుని బట్టి, తేదీని బట్టి ఏ ఫైలో గుర్తుపట్టి ఇలా తీయండి:

ఫైండ్ . -ఐనమ్ సంఖ్య -డిలీట్

ఐనమ్ అంటే ఐ, ఎన్, యూ, ఎం. ఫైండ్ తర్వాతి చుక్క ఇప్పుడున్న ఫోల్డర్ అని అర్థం. -డిలీట్ తప్పనిసరిగా చివరే ఉండాలి. ముందు పెడితే ఆ ఫోల్డర్లోని ఫైళ్లన్నీ పోతాయి.

డీఎఫ్ ఒకటి చెబితే డీయూ ఇంకొకటి చెబుతుంది

డీఎఫ్ 44 జీబీ నిండిందంటుంది, డీయూ లెక్క కూడితే 25 కూడా దాటదు. రెండూ నిజమే చెబుతున్నాయి. తేడాకు సాధారణంగా రెండు కారణాలు.

మొదటిది, ఎవరో ఆర్ఎం కొట్టిన పెద్ద ఫైలు ఇంకా ఒక ప్రోగ్రామ్ చేతిలో ఉండడం. సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 కొడితే, ఎల్1లోని ఎల్ పెద్దక్షరం, అలాంటి ఫైళ్లు పట్టుకున్న ప్రోగ్రాముల జాబితా వస్తుంది. ఆ సర్వీసుని రీస్టార్ట్ చేసినా, కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేసినా చోటు తిరిగొస్తుంది.

రెండోది ఆరితేరినవాళ్లు కూడా పట్టుకోలేనిది. బ్యాకప్ స్క్రిప్ట్ ఒకటి రోజూ బయటి హార్డ్‌డిస్క్‌కి కాపీ చేస్తుంటుంది. ఒకరోజు ఆ డిస్క్ తగిలించడం మరిచిపోతారు. స్క్రిప్ట్‌కి అది తెలియదు, అదే పేరున్న ఖాళీ ఫోల్డర్లోకి, అంటే మీ సొంత డిస్క్ మీదకే, జీబీలకు జీబీలు కుమ్మరిస్తుంది. మర్నాడు బయటి డిస్క్ తగిలించగానే అదంతా దాని కింద కప్పబడిపోతుంది, డీయూకి కనబడదు. దాన్ని బయటకు తీసేది ఇది:

సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ

ఇప్పుడు /ఎంఎన్‌టీ మీద డీయూ నడిపితే, మీద వేరే డిస్కులు ఏవీ కప్పకుండా అసలు డిస్క్ మొత్తం కనబడుతుంది. అక్కడ తీసేయాల్సింది తీసేసి సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ కొట్టండి. ఈ యూమౌంట్‌లో యూ తర్వాత ఎన్ ఉండదు.

ఐనోడ్లు నిండితే

ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైలుకీ ఒక ఐనోడ్ ఖర్చవుతుంది. మామూలుగా ప్రతి 16 కేబీకి ఒకటి చొప్పున ఫార్మాట్ చేసేటప్పుడే లెక్క కట్టేస్తారు. 20 జీబీ పార్టిషన్‌కి సుమారు 13 లక్షల 10 వేలు. తర్వాత పార్టిషన్ పెంచితే తప్ప ఆ సంఖ్య పెరగదు. లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు చేరితే చోటుండగానే ఇవి అయిపోతాయి.

సుడో డీయూ --ఐనోడ్స్ -ఎక్స్ --మ్యాక్స్-డెప్త్=1 / | సార్ట్ -ఎన్

పైన చెప్పినట్టే మెట్టు మెట్టు దిగండి. ఎక్కువగా బయటపడేవి నోడ్ ప్రాజెక్టుల నోడ్_మాడ్యూల్స్ ఫోల్డర్లు, పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు, /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లో పేరుకుపోయిన పాత కెర్నెల్ హెడర్లు. హెడర్లను చేత్తో తీయకండి, ఆటోరిమూవ్ తీస్తుంది.

బూట్ పార్టిషన్ నిండితే

డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేస్తే /బూట్ విడి పార్టిషన్‌గా ఉంటుంది. కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ అక్కడ రెండు పెద్ద ఫైళ్లు చేరతాయి: వీఎంలైనజ్ (కెర్నెల్ అదే) ఒకటి, ఇనిట్‌ఆర్‌డీ (కెర్నెల్ మొదలవడానికి కావాల్సిన సరంజామా) ఒకటి. రెండోది 100 ఎంబీ కూడా దాటగలదు. చోటు చాలక ఇనిట్‌ఆర్‌డీ సగంలో ఆగిపోతే, తర్వాతిసారి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు లాగిన్ పేజీ దాకా కూడా రాదు. "కెర్నెల్ ప్యానిక్", "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" అని నిలిచిపోతుంది. హార్డ్‌డిస్క్ పోయిందని అనుకోకండి. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి ముందటి కెర్నెల్ ఎంచుకుంటే సాధారణంగా సిస్టమ్ లేస్తుంది.

లేచాక ముందు యూనేమ్ -ఆర్ కొట్టండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ పేరు వస్తుంది, దాని జోలికి వెళ్లకూడదు. ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్ తో మిగతావి చూడండి. తర్వాత సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్ ప్రయత్నించండి. సవ్యంగా సాగితే మంచిదే. చాలాసార్లు సాగదు. సగంలో ఆగిన ప్యాకేజీని ముందు పూర్తి చేయమంటుంది, పూర్తి చేయడానికి చోటు లేదంటుంది, అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఆ ముడి విప్పే భద్రమైన పద్ధతి, అన్నిటికన్నా పాత ఇనిట్‌ఆర్‌డీ ఫైలుని తుడిచేయకుండా తాత్కాలికంగా పక్కకు జరపడం:

సుడో ఎంవీ /బూట్/ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-పాతవెర్షన్ /రూట్/

"పాతవెర్షన్" ఉన్నచోట నిజమైన సంఖ్య పెట్టాలి. పొరపాటు జరిగినా ఫైలు /రూట్ లో భద్రంగా ఉంటుంది, తిరిగి పెట్టుకోవచ్చు. దాంతో వచ్చిన చోటులో ఈ వరుసలో నడపండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్
సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్
సుడో అప్‌డేట్-ఇనిట్‌ఆర్ఏఎంఎఫ్ఎస్ -యూ -కే ఏఎల్ఎల్
సుడో అప్‌డేట్-గ్రబ్

చివరి రెండూ తప్పుల్లేకుండా ముగిసేదాకా రీస్టార్ట్ చేయకండి. అన్నీ ముగిశాక పక్కకు పెట్టిన పాత ఫైలు తీసేయొచ్చు. వీఎంలైనజ్ ఫైళ్లను నేరుగా ఆర్ఎంతో తుడిచేయడం మాత్రం వద్దు. ఆ ప్యాకేజీ ఇంకా ఉందనే ఏపీటీ నమ్ముతూ, తర్వాతి అప్‌డేట్‌లో దానికి మళ్లీ ఇనిట్‌ఆర్‌డీ తయారుచేయబోయి బోర్లా పడుతుంది.

చోటు వచ్చాక

డిస్క్ నిండినప్పుడు ఏదైనా అప్‌డేట్ నడుస్తుంటే పైన బూట్ భాగంలో ఇచ్చిన వరుసలోని మొదటి రెండు కమాండ్లూ అందరూ ఒకసారి నడపాలి. ఆ తర్వాత రీస్టార్ట్.

జర్నల్ మళ్లీ పెరగకుండా /ఈటీసీ/సిస్టమ్‌డీ/జర్నల్‌డీ.కాన్ఫ్ ఫైలులో సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్= అనే లైను ముందున్న # గుర్తు తీసేసి, = తర్వాత 200ఎం అని రాయండి, ఎం పెద్ద అక్షరం. తర్వాత సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డీ-జర్నల్‌డీ. రూట్ కోసం అట్టిపెట్టిన 5 శాతాన్ని ట్యూన్2ఎఫ్ఎస్ తో సున్నా చేసేయమనే సలహా కనబడుతుంటుంది. రూట్ పార్టిషన్ మీద ఆ పని చేయకండి, ఈసారి నిండితే పైన వాడుకున్న ఊపిరి కూడా ఉండదు. ఫొటోలు, వీడియోలు మాత్రమే ఉన్న వేరే డిస్క్ మీదైతే అభ్యంతరం లేదు.

రూట్ పార్టిషన్‌కి ఇచ్చిందే 20 జీబీ అయితే ఎంత తుడిచినా కొన్నాళ్లకు మళ్లీ ఇరుకే. లైవ్ యూఎస్‌బీలో జీపార్టెడ్ తెరిచి పక్క పార్టిషన్ నుంచి చోటు జరపండి, కనీసం 40 జీబీ ఉండేలా. విండోస్ పార్టిషన్‌ని కుదించాలంటే ఆ భాగం విండోస్ లోపలి డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే చేయడం మేలు. పార్టిషన్ జరుగుతుండగా కరెంటు పోతే డేటా పోతుంది, కాబట్టి ముందు బ్యాకప్ తీసుకుని, ఛార్జర్ పెట్టి మొదలుపెట్టండి.

ఇంత చేసి, డీఎఫ్ బోలెడు చోటు చూపిస్తున్నా లాగిన్ పేజీ దగ్గరే తిరుగుతుంటే, నిండిన క్షణంలో ఏదో ఒక సెట్టింగు ఫైలు సున్నా బైట్లతో మిగిలిపోయి ఉంటుంది. నల్ల తెర మీద సుడో యాడ్‌యూజర్ టెస్ట్ కొట్టి కొత్త యూజర్‌ని చేసి, ఆ పేరుతో లాగిన్ అవ్వండి. అది తెరుచుకుంటే సిస్టమ్ బాగానే ఉంది, తప్పు మీ హోమ్‌లో ఉంది. మీ పేరుతో నల్ల తెర మీదకు వచ్చి ఎల్ఎస్ -ఎల్ఏ కొట్టండి. .ఎక్స్అథారిటీ, .ఐసీఈఅథారిటీ (ఎక్స్, ఐసీఈ పెద్ద అక్షరాలు) ఫైళ్ల సైజు 0 ఉన్నా, యజమాని పేరు మీది కాకుండా రూట్ అని ఉన్నా వాటిని సుడో ఆర్ఎంతో తీసేయండి, లాగిన్ అయ్యేటప్పుడు మళ్లీ పుడతాయి. అయినా లొంగకపోతే సెట్టింగుల ఫైలు పేరు మార్చండి:

ఎంవీ ~/.కాన్ఫిగ్/డీకాన్ఫ్/యూజర్ ~/.కాన్ఫిగ్/డీకాన్ఫ్/యూజర్.పాత

"పాత" బదులు ఇంగ్లీషులో మీకు నచ్చిన మాట పెట్టుకోండి. వాల్‌పేపర్, కీబోర్డ్ లేఅవుట్ల వంటివి మొదటి స్థితికి వెళ్తాయి, తెలుగు కీబోర్డ్‌ని సెట్టింగుల్లో మళ్లీ చేర్చుకోవాలి. మీ ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. డెస్క్‌టాప్ తెరుచుకున్నాక సుడో డెల్‌యూజర్ --రిమూవ్-హోమ్ టెస్ట్ తో ఆ తాత్కాలిక యూజర్‌ని తీసేయండి.